ఊదా నుంచి పసుపు

జొన్నాడ వంతెన దిగాక
ఎడమచేతి వైపు మూడో బొగ్గుల కుంపటి
సువార్తమ్మది.
ఆవిడ దగ్గర పొత్తులు కొనను నేను,
పీచు అడుగుతాను.

మొదటిరోజు నా సంచీకేసి చూసి
"గేదెకా?" అంది.
కాదన్నాను.
"తలగడలోకా?"
కాలేజీ ల్యాబులోకన్నాను.
పక్క కుంపటావిడని పిలిచి మరీ నవ్వింది:
"మేస్టారు కండె వదిలేసి జుట్టు పట్టుకెళ్తన్నారే!"

మేస్టార్ని కాను.
ఇరవై రెండేళ్ళుగా గాజు గొట్టాలు కడుగుతున్నాను.
ఏ గొట్టంలో ఏముందో వాసన చూసి చెప్పగలను.
ఎందుకుందో మాత్రం
ఏటా ఎవరో ఒక పిల్ల వచ్చి చెప్పాలి.
ఈ ఏడు లోవకుమారి చెప్పింది.

లేత పీచు వేరుగా, ముదురుది వేరుగా,
నీడలోనే ఆరాలంది.
పాత పేపర్లు పరిచి, పైన ఫ్యాను వేసి
అయిదు రోజులు కాపలా కాశాను.
పట్టుదారంలా వచ్చింది
కొబ్బరిపీచు రంగుకి తిరిగింది.
ఫ్లేవనాయిడ్లు, ఫినాలులు, అదేదో మేసిన్,
వీధిలో కొత్తగా అద్దెకి దిగినవాళ్ళ పేర్లలాగే
మొదట్లో నోరు తిరగలేదు.
పొలంలో ఇవే ఎండకి గొడుగులట,
పురుగు నోటికి చేదట.

"రేవులో పంటు గొలుసు తుప్పు పట్టదా బాబాయ్?
కోసిన అరటికాయ నల్లబడదా?
ఒంట్లోనూ అలాంటి పనే జరుగుతూ ఉంటుంది.
జత తప్పిన ఎద్దులాంటి కణం
కనబడ్డ చేలోనల్లా పడుతుంది.
ఈ పీచులోది తన దగ్గరున్నది ఒకటి ఇచ్చి
దాన్ని కూర్చోబెడుతుంది."

ఇచ్చేశాక ఇది పాడవదా అన్నాను.
"ఇచ్చాక కూడా నిలబడగలదు.
అందుకే ఇవ్వగలుగుతుంది."
అంత మాట అనేసి
ఏమీ అననట్టే పిపెట్ అందుకుంది.

వంకాయ తొక్క రంగు నీళ్ళు.
అందులో పీచు సారం, నాలుగు చుక్కలు.
అరగంట చీకట్లో ఉంచాలంటే
రికార్డు పుస్తకాల బీరువాలో పెట్టి తలుపు వేశాం.
ఆ అరగంటా
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
తీసి చూస్తే
ఊదా లేదు.
పల్చటి పసుపు, అడుగున కూడా పసుపే.

ఆ సాయంత్రం అడిగి ఒక గొట్టం జేబులో పెట్టుకుని
సైకిల్ మీద జొన్నాడ వెళ్ళాను.
సువార్తమ్మ దాన్ని పొద్దుకి అడ్డంపెట్టి చూసింది.
వేళ్ళ నిండా నిప్పురవ్వల మచ్చలు.
"మా అమ్మ నీరుచురుక్కి ఈ పీచే కాసిచ్చేది.
ఇది తాగితే మోకాళ్ళు తగ్గుతాయేటండి?"

తాగేది కాదమ్మా అని గొట్టం వెనక్కి తీసుకున్నాను.
గొట్టంలో రంగు మారింది,
ఒంట్లో ఏం మారుతుందో ఇంకా తెలీదన్నాను.
సిగ్గేసింది, ఇంతదూరం తెచ్చి
తెలీదని చెప్పడానికి.
ఆవిడ విసనకర్ర ఆపింది.
"ఆయ్. నూనె సీసాకి ఆరొందలు పుచ్చుకున్నాడండి,
ఆడు తెలీదన్లేదు."

తర్వాత ఒక పొత్తు ఒలిచి చూపించింది.
"ఇదిగో, ఈడ పన్ను లేదు చూడండి.
గింజకో దారమండి. ఎన్ని గింజలో అన్ని దారాలు.
పుప్పొడి దారమ్మట దిగితేనే గింజ.
లంకలో ఆ వారం గాలి ఎదురు తిరిగింది,
దీని దారానికి అందలేదు."

అయిదు రోజులు నేను కాపలా కాసినవి
ఒక్కోటీ ఒక్కో గింజ బొడ్డుతాడని
ఏ రికార్డు పుస్తకంలోనూ నేను చూళ్ళేదు.
మర్నాడు లోవకుమారికి చెబితే
తెలుసు బాబాయ్ అంది.
తెలిసీ, పెన్ను పక్కన పెట్టి
మళ్ళీ మొత్తం చెప్పించుకుంది.

ఇప్పుడు రెండు సంచులు కట్టి ఉంచుతోంది సువార్తమ్మ,
లేతదొకటి, ముదురుదొకటి.
ఎవరూ చెప్పలేదు ఆవిడకి.
డబ్బులిస్తే
చెత్తకి డబ్బులేటండి అని తోసేసింది.
సరేనని మొదటిసారి ఒక పొత్తు కొన్నాను.
తీరిగ్గా కాల్చింది, ఉప్పూ నిమ్మకాయా రాసింది.
రెండు గింజలు లేవందులో.
వాటి చోట వేలు పెట్టి చూశాను,
మెత్తగా, ఇంకా వెచ్చగా ఉంది.